మొగలిమెరకలో లేని కాళ్ళు

నూకరత్నానికి ఆ పెత్తనం ఎవరూ కావాలని ఇవ్వలేదు, ఆవిడా అడగలేదు. ఏమైందంటే, ఆ రోజు పంచాయతీ మీటింగుకి ఆవిడ ఆలస్యంగా వచ్చిందంట. మన మొగలిమెరక పంచాయతీలో పద్ధతి తెలుసు కదా, అందరూ వద్దన్న పని, ఆ పూట ఎవరు ఆలస్యంగా వస్తే వాళ్ళ నెత్తిన రాసేస్తారు. వీధికుక్కల సంగతి అలాగే రెండో వార్డు మెంబరుకి తగులుకుంది. ఇప్పటికీ ఆయన్ని ఆ పనీ వదల్లేదు, కుక్కలూ వదల్లేదు. నూకరత్నం నాలుగో వార్డు మెంబరు. మెంబరే కానీ పొద్దున్న లేస్తే కొబ్బరి డొక్కలు నానేసిన గోతిలో దిగి, నానిన డొక్క బాది పీచు తీసి, తాడు పేనుకునే మనిషి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, పేనిన తాడే కూడు. ఆ గోతుల్లోనే దోమ పుడుతుంది, ఆ దోమే కాళ్ళకి బోద తెస్తుంది అని డాక్టర్లంతా చెప్తారు, నిజమే, కానీ గొయ్యి లేకపోతే పీచు లేదు, పీచు లేకపోతే ఇక్కడ కూర్చున్న సగం మందికి అన్నం లేదు. సరే, ఆవిడ చేతులు కడుక్కుని వచ్చేసరికి సర్పంచి బుల్లబ్బాయి గారు పెన్నుకి మూత పెట్టేస్తున్నారంట. రత్నమ్మా, నిన్ను ఆరోగ్య పర్యవేక్షణ కమిటీకి పెద్దని చేసేం అన్నారంట. దేనికండీ అంటే, పట్నం నించి ఒక సంస్థ వస్తుంది, బోదకాళ్ళకి వైద్యం చేస్తుందంట, రెండేళ్ళకి సరిపడా డబ్బులు తెచ్చుకున్నారంట, పంచాయతీ తరఫున ఒక మనిషి చూస్తా ఉండాలంట, నువ్వు చూడు అన్నారు. చూస్తే చాలాండీ అని అడిగింది. చూసి, మూడు నెలలకోసారి బాగానే ఉందని సంతకం పెట్టాలి అన్నారు. అంటే చూడకపోయినా పర్లేదు, సంతకం మాత్రం పెట్టాలి అనుకో.

ఇప్పుడు నూకరత్నం కాలి సంగతి చెప్పాలి. చెప్పకూడదు, కానీ చెప్పకపోతే మీకు కథ తెలీదు. ఆవిడకి ఎడం కాలు, మోకాలి కింద నించీ బోద. చీర కుచ్చిళ్ళు నేల ఊడ్చేలా కట్టేది. పాపం ఆ చీర అంచు ఎప్పుడూ బురదే. ఊరందరికీ తెలుసు. కానీ మొగలిమెరక మర్యాద ఒకటుంది, పై ఊళ్ళ వాళ్ళకి అర్థం కాదు. మనిషితో మాట్లాడేటప్పుడు చూపు మొహం దగ్గర నిలబడాలి గానీ కిందకి దిగకూడదు. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళంతా మనల్ని బోదకాళ్ళ మెరక అంటారు కదా, ఆ కోపంతో మన పెద్దలు ఎప్పుడో పెట్టుకున్న కట్టుబాటు. ఎవరి కాలూ ఎవరూ చూడరు. ఎదటోడి కాలికి తగిలి బోర్లా పడ్డా సరే, లేచి, మొహం వైపు చూసి, బాగున్నావా అంటారు. అదిగో ఆ గవరయ్య గారి కాలు తాటి మొద్దంత ఉంటుంది కదా, ఎవరన్నా పరాయి మనిషి పొరపాటున అడిగితే కందిరీగ కుట్టింది అంటాడు. నా చిన్నప్పటి నించీ అదే కందిరీగ. నూకరత్నం కూడా అంతే, ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కానీ జ్వరానికి మర్యాద తెలీదు కదా. నెలకోసారి గజ్జల్లో బిళ్ళ కట్టేది, ఒళ్ళంతా చలి, కాలు నిప్పుల కుంపటి. అలా వచ్చిందంటే మంచం దిగలేదు. మంచం దిగకపోతే తాడు లేదు. చద్దన్నం ఉంటే తినేది, లేకపోతే గోడ వైపు తిరిగి పడుకునేది.

సంస్థ వాళ్ళు కమ్యూనిటీ హాలు వెనక గది తీసుకున్నారు. లక్ష్మివారం లక్ష్మివారం వైద్యం. ఎస్తేరు అని కాకినాడ పిల్ల, నర్సు, బేసిన్లు, సబ్బులు, తువ్వాళ్ళు, పూతమందు పట్టుకుని బస్సు దిగేది. మొదటి వారం ఒక్కళ్ళూ రాలేదు. ఆ పిల్ల పొద్దుటి నించీ సాయంత్రం దాకా బేసిన్లో నీళ్ళు పోసుకుని, వాటిలో తన మొహమే చూసుకుని వెళ్ళిపోయింది. రెండో వారం ఒకావిడ నెత్తి మీద ముసుగేసుకుని, చంకలో కూరల బుట్ట పెట్టుకుని, బజారుకెళ్తూ దారి తప్పినట్టు లోపలికొచ్చిందంట. ఏ ఊరమ్మా అంటే, మాది జువ్వలంక అంది. జువ్వలంక అంటే కాలవ అవతల ఊరు. వాళ్ళకీ మనకీ నీళ్ళ దగ్గరా పడదు, కోడిపందేల దగ్గరా పడదు. అటు నించి రావాలంటే పడవ దిగి మోకాలి లోతు నీళ్ళలో నడవాలి. ఆవిడ చీర పొడిగా ఉంది. ఎందుకు పొడిగా ఉందని ఆ పిల్ల అడగలేదు. జువ్వలంక అనే రాసుకుంది, కాలు కడిగింది, వేళ్ళ మధ్య తుడిచింది, మందు రాసింది, ఎత్తు మీద ఎలా పెట్టుకోవాలో చూపించింది. ఆ మాట ఎలా పాకిందో పాకింది. ఇంక చూడండి, వారం వారం జువ్వలంక నించి జనమే జనం. మనూరి వాళ్ళే. ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చుని, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు, మీదీ జువ్వలంకేనా అంటే, అవునండీ, రేవు దగ్గర ఇల్లు అని చెప్పుకునేవారంట.

నూకరత్నం మొదట చూడ్డానికే వెళ్ళింది. కమిటీ పెద్ద కదా. గుమ్మంలో నిలబడి అందరూ వెళ్ళిపోయేదాకా చూసింది. ఎస్తేరు బేసిన్లు బోర్లించుకుంటూ, ఏం కావాలండీ అంది. ఏం లేదమ్మా, పర్యవేక్షణ అంది. ఆ పిల్ల తెలివైంది. ఒక బేసిను మళ్ళీ తిప్పి నీళ్ళు పోసి, పర్యవేక్షణ అంటే ఎలా కడుగుతున్నామో తెలియాలి కదండీ, ఏదో ఒక కాలు పెట్టండి, చూపిస్తాను అందంట. నూకరత్నం కాసేపు గోడ మీద బల్లిని చూసి, ఎడం కాలు పెట్టింది. అప్పటి నించీ ఏ లక్ష్మివారం తప్పలేదు. ఊరు జువ్వలంకే రాయించింది, ఏం చేస్తుంది, అందరూ నడిచే దారి. కానీ పర్యవేక్షణ మాత్రం ఉత్తుత్తిది కాదు. బస్సు రాకపోతే రోడ్డు మీదకెళ్ళి నిలబడేది. ఒకసారి పూతమందు తేదీ దాటిపోయినది వస్తే, చదువుకున్న పిల్లని పిలిచి చదివించి, ఆ డబ్బా వెనక్కి పంపించి కొత్తది తెప్పించింది. సబ్బు సగానికి కోసి ఇస్తున్నారని తెలిసి సంస్థ ఆఫీసుకి ఫోను చేయించింది. సర్పంచి గారైతే, ఏమ్మా, నిన్ను చూడమన్నాం గానీ ఇంతలా చూడమన్నామా అన్నారంట. ఇంతకీ జరిగిందేంటంటే, ఆవిడకి జ్వరం ఆగిపోయింది. మొదటి నెల రాలేదు, వస్తుందేమోనని చూసింది. రెండో నెలా రాలేదు. ఇంక చూడ్డం మానేసి తాడు పేనుకుంది.

అలా రెండేళ్ళు అయిపోయాయి. ప్రాజెక్టు అంటే అంతే కదా, అల్లుడిలాగ వస్తుంది, మర్యాదలు జరిగేలోపల ప్రయాణం అంటుంది. శ్రీకర్ గారని ఆఫీసరు, చిన్నవాడే, భుజానికి సంచీ, మాట మెత్తన, వచ్చి చెప్పేడు. డబ్బులిచ్చేవాళ్ళు ఇంకో ఏడాదికి ఒప్పుకున్నారు, కానీ ఎక్కడ అవసరం ఉంటే అక్కడే పెట్టాలి, అందుకని ఇంటింటికీ వచ్చి అడుగుతాం అన్నాడు. ఊళ్ళోకి ఎవరో వస్తున్నారనేసరికి పంచాయతీ వాళ్ళు రోడ్డుకి రెండు పక్కలా బ్లీచింగు పొడి ముగ్గులా పోసేరు. సంస్థ తరఫున వచ్చిన పిల్లలు గుమ్మం గుమ్మానికీ వెళ్ళి అడిగేరు, మీ ఇంట్లో ఎవరికన్నా బోద ఉందా అని. మా ఇంట్లో లేదండీ, పక్కింట్లో అడగండి అన్నారు. పక్కింట్లో అడిగితే, మాకేం ఖర్మండీ, వెనకింటికెళ్ళండి అన్నారు. వెనకింట్లో మజ్జిగ ఇచ్చి పంపించేరు. గవరయ్య గారు కందిరీగ గురించి వివరంగా చెప్పేడంట, అది ఎటు నించి వచ్చిందో కూడా. నూకరత్నం గుమ్మానికీ వచ్చేరు. ఆవిడ ద్వారబంధం పట్టుకుని నిలబడి, నేనొక్కదాన్నేనమ్మా, నాకేం లేదు అనేసింది. అలవాటుగా వచ్చేసింది నోటికి. ఆ పిల్లలు వీధి మలుపు తిరిగేక గానీ ఆవిడకి తెలీలేదు ఏమన్నదో. పిలుద్దామని రోడ్డు మీదకొచ్చింది. వాళ్ళు అప్పుడే ఆ మలుపులో ఉండే వీరవేణి ఇంట్లో మజ్జిగ తాగుతున్నారు. వెనక్కి తిరిగొచ్చేసింది.

లెక్క తేలింది. మొగలిమెరకలో బోదకాలు ఒక్కటి కూడా లేదు. వైద్యానికి వచ్చినవాళ్ళంతా జువ్వలంక మనుషులు. శ్రీకర్ గారు పాపం చాలా బాధపడ్డాడంట, ఇంతమంది రెండేళ్ళూ కాలవ దాటి వచ్చేరు, మనమే వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఉండాల్సింది అని. కాబట్టి ఏడాది పాటు వైద్యం జువ్వలంకలో, ఇక్కడ పని పూర్తయింది, గ్రామసభలో కమిటీ పెద్ద ఆ మాట మీద సంతకం పెడితే చాలు అన్నాడు. జువ్వలంక సర్పంచి సంగతి వినాలి మీరు. మా ఊళ్ళో ఎవరికీ లేదండీ అని చెప్పబోయి, ఉచితంగా నర్సు వస్తుంది, మందులొస్తాయి అనగానే నోరు మూసుకున్నాడంట. తెలివైనోళ్ళు. ఈ మాట ఇక్కడే ఉండాలి, కాలవ దాటకూడదు. మన బుల్లబ్బాయి గారి ఆనందం ఇంతా అంతా కాదు. ఊరి మొదట్లో పెట్టడానికి బోర్డు రాయించేసేరు, బోదకాలు లేని ఊరు మొగలిమెరక అని, పచ్చ రంగు మీద తెల్ల అక్షరాలు.

అక్కడి నించీ నూకరత్నానికి కాలు నిలవలేదు. ముందు ఎస్తేరు దగ్గరికెళ్ళింది. ఆ పిల్ల బేసిన్లు గోనెసంచుల్లో కట్టుకుంటుంది. నువ్వు చెప్పమ్మా, వీళ్ళంతా ఎక్కడివాళ్ళో నీకు తెలుసు కదా అంది. తెలుసండీ, అందుకే చెప్పను, వచ్చిన ప్రతివాళ్ళకీ బయటికి చెప్పనని మాటిచ్చేను, మీకూ ఇచ్చేను అందంట. అక్కడి నించి వీరవేణి ఇంటికెళ్ళింది. కిందటి లక్ష్మివారం ఇద్దరూ ఒకే బెంచీ మీద కాళ్ళు ఆరబెట్టుకున్నవాళ్ళే. గ్రామసభలో నువ్వు లేచి, నాకుందని చెప్పు వేణీ అంది. నాకెక్కడుంది, నీకుందా అంది వీరవేణి. నాకెందుకుంటుంది అంది ఈవిడ. మరి నాకూ అంతే అంది ఆవిడ. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు, కిందకి చూడలేదు. గవరయ్య గారి దగ్గరికెళ్తే మళ్ళీ కందిరీగే. ఆఖరికి సర్పంచి ఇంటికెళ్ళి, వైద్యం పోకూడదండీ, ఊళ్ళో ఇంకా ఉన్నవాళ్ళున్నారు అంది. ఆయన ఏమన్నారంటే, ఉన్నారని నాకు తెలీదనుకున్నావా రత్నమ్మా, కానీ పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు మన పిల్లల మొహాలు చూడకుండా కాళ్ళు చూస్తున్నారు, ఈ ఒక్క బోర్డు పడితే ఆ పేరు పోతుంది, కాలు ఇంట్లో కడుక్కోవచ్చు, పేరు ఇంట్లో కడుక్కోగలమా అన్నారంట. మాట బాగానే ఉంది. ఆయన మాటలెప్పుడూ బాగానే ఉంటాయి. నూకరత్నం లేచి వచ్చేసింది. కానీ దారంతా అదే ఆలోచన. ఇంట్లో కడుక్కుంటుంది సరే, వేళ్ళ మధ్య పగిలితే మందెవరిస్తారు, జ్వరం పట్టుకుంటే ఎవరు చూస్తారు. జువ్వలంక వెళ్ళాలంటే పడవెక్కాలి, పడవలో అందరూ ఎదురుబొదురు కూర్చుంటారు, కాళ్ళు దాచుకునే చోటు ఉండదు. అలా బురదలో ఇంటింటికీ తిరిగి తిరిగి, చిటికెన వేలి పక్కన పగిలింది. గ్రామసభ ముందు రోజు గజ్జల్లో చెయ్యి పెట్టి చూసుకుంటే బిళ్ళ తగిలింది. అంతకాలం తర్వాత, మళ్ళీ.

గ్రామసభకి ఒళ్ళు వెచ్చగానే వెళ్ళింది. హాలు నిండా జనం, ఎందుకంటే బోర్డు చూపిస్తారు, తర్వాత పులిహోర పెడతారు. బోర్డు గోడకి ఆనించి పైన తువ్వాలు కప్పేరు. పంచాయతీ కార్యదర్శి తీర్మానం చదివేడు, మొగలిమెరకలో బోదకాలు పూర్తిగా పోయింది, సంస్థ వారికి ధన్యవాదాలు, ఇక్కడ ఇక అవసరం లేదు అని. సంతకం పెట్టమ్మా అని సర్పంచి గారు పెన్ను ఇచ్చేరు. నూకరత్నం పెన్ను పట్టుకుంది. దాన్ని పట్టుకునే ఉంది. పులిహోర దగ్గరున్నవాళ్ళు కూడా అటు చూసేరంట. అప్పుడు ఆవిడ పెన్ను బల్ల మీద పెట్టి, పక్కనున్న స్టూలు ముందుకి లాక్కుని, కుర్చీలో కూర్చుని, ఎడం కాలు ఎత్తి ఆ స్టూలు మీద పెట్టి, చీర పిక్క దాకా తీసింది. హాల్లో అందరూ పైకి చూసేరు. ఫ్యాను తిరుగుతుంది.

"ఈ కాలు జువ్వలంకది కాదండి. నాలుగో వార్డుది. తప్పు ఊరు రాయించింది నేనే, లేదని చెప్పిందీ నేనే. ఇంటింటికీ వచ్చిన మీ పిల్లల తప్పేం లేదు," అంది శ్రీకర్ గారితో.

బుల్లబ్బాయి గారు నెమ్మదిగా, కాలు దించు రత్నమ్మా, పెద్దమనుషులున్నారు అన్నారు.

"దించితే వాస్తుందండి. ఎత్తు మీద పెట్టుకోమన్నారు," అంది. అని మళ్ళీ ఆఫీసరు వైపు తిరిగింది. "పని బాగా జరిగిందని సంతకం పెడతాను సారూ. బాగా జరిగింది, నేను చూసేను. అయిపోయిందని మాత్రం పెట్టను. మీ ప్రాజెక్టుకి రెండేళ్ళండి. ఈ కాలికి గడువు ఎవరూ పెట్టలేదు."

శ్రీకర్ గారికి ఏం చెయ్యాలో తెలీలేదు. చదువుకున్నవాడు కదా, ఇంకా ఎవరికన్నా ఉంటే చేతులెత్తండి అన్నాడు. ఒక్క చెయ్యి లేవలేదు. లేస్తుందా మరి, మన సంగతి మనకి తెలీదా. మళ్ళీ అడిగేడు. ఎవరో దగ్గేరు, అంతే. నూకరత్నం వీరవేణి వైపు చూడలేదు, గవరయ్య వైపూ చూడలేదు, చూస్తే వాళ్ళు ఇంకా బిగుసుకుంటారని తెలుసు. ఆవిడకి చలి మొదలైంది, పళ్ళు బిగించుకుని కూర్చుంది. ఒక్కదాని కాలు చాలదు, ఒక్క కాలి కోసం ఎవరూ ఏడాది పాటు నర్సుని పంపరు, అది ఆవిడకి తెలుసు. అప్పుడు అందంట, చేతులు అడక్కండి సారూ, మా ఊళ్ళో లేవవు, మీరొకసారి కిందకి చూడండి అని. ఆయన కిందకి చూసేడు. ఆయన చూసేడని కార్యదర్శి చూసేడు. ఆడవాళ్ళ వైపు, మీరు నమ్మాలి, కాలవ దాటేటప్పుడు కుచ్చిళ్ళు పట్టుకుని ఎత్తుతాం చూడండి, అలాగ, ఒక్కొక్క చీర అంచు నాలుగు వేళ్ళు, జానెడు, పైకి లేచింది. ఎవరి మొహం వాళ్ళు ఫ్యాను వైపే పెట్టుకున్నారు, ఆ కాలు తమది కానట్టు. వీరవేణి అయితే తలుపు వైపు చూస్తూ, పక్కావిడతో చింతపండు ధర మాట్లాడతా ఎత్తిందంట. మగాళ్ళ వైపు ఒక్క పంచె కదల్లేదు. అప్పుడు గవరయ్య గారు కర్ర పట్టుకుని లేచి, హాలు మధ్యలోకి వచ్చి, పంచె పక్కకి తీసి, "కందిరీగే కుట్టింది. అయినా లెక్కలో రాసుకోండి," అన్నాడు. నవ్వేరు జనం. అంతే, ఆ తర్వాత మగాళ్ళవీ బయటపడ్డాయి. ఒకడు, ఆయనదేం కాలు, నాది చూడండి అని కూడా అన్నాడంట. మనోళ్ళకి దేనిలోనన్నా పందెం ఉంటే గానీ పని జరగదు.

బుల్లబ్బాయి గారు తువ్వాలు కప్పిన బోర్డు వైపు కాసేపు చూసేరు. మనసులో ఏమనుకున్నారో గానీ, లేచి నిలబడి, నాకు మొదటి నించీ అనుమానమే, అందుకే మన రత్నమ్మని కమిటీకి పెద్దని చేసేను అన్నారంట. నాయకుడంటే అలాగ ఉండాలి. తీర్మానం మార్చి రాసేరు. ఏడాది వైద్యం ఇక్కడే, ఆ తర్వాత సబ్బులూ మందూ పంచాయతీయే కొనాలి, గది పంచాయతీయే ఇవ్వాలి, చూసేది ఈవిడే. శ్రీకర్ గారు ఒప్పుకున్నాడు, మంచివాడు. కానీ వెళ్ళేటప్పుడు ఎస్తేరుని పక్కకి పిలిచి, మరి జువ్వలంక వాళ్ళంతా ఏమయ్యారమ్మా అని అడిగేడంట. ఆ పిల్ల, నయమైపోయింది సార్ అందంట. నూకరత్నం సంతకం పెట్టి, పులిహోర కూడా తినకుండా, ఆ పిల్ల ఇచ్చిన మాత్ర వేసుకుని వెళ్ళి పడుకుంది.

జ్వరం తగ్గేక కుళాయి దగ్గరికి బిందె పట్టుకొచ్చింది. ఎవరేమంటారో అని కొంచెం వెనకే నిలబడింది. ఆవిడ కాలి వైపు ఎవరూ చూడలేదు, అంత తొందరగా పోతుందా అలవాటు. బిందె నిండుతుంటే వీరవేణి మాత్రం, అంతమంది ఆడవాళ్ళు వినేలా, ఏమే రత్నం, సబ్బుతో కడిగేక వేళ్ళ మధ్య తడిని పొడిగుడ్డతో అద్దాలా, గాలికి ఆరాలా, నేను ప్రతిసారీ మర్చిపోతాను అంది. నూకరత్నం చెప్పింది. అద్దాలి, తర్వాత ఆరాలి అని. కాదు, ముందు ఆరాలి అంది ఇంకొకావిడ. వీరవేణీ ఆవిడా కుళాయి కట్టేయడం మర్చిపోయి దెబ్బలాడుకున్నారు. నూకరత్నం నీళ్ళు కాళ్ళ మీద నించి పోతున్నా కదలకుండా అక్కడే నిలబడి విందంట.

ఇదీ సంగతి. ఇప్పుడు ఆ ఏడాదిలో సగం అయిపోయింది. సబ్బులు ఏ పద్దు కింద కొనాలో సర్పంచి గారు వెతుకుతున్నారు. వీధి దీపాల పద్దులో కుదరదంట, కుక్కల పద్దులో అసలే కుదరదంట. నూకరత్నం ఊరుకునే మనిషా. తెల్లవారగానే ఆయన గేటు దగ్గర నిలబడుతుంది. ఆయన భార్య ముందు ఈవిడకి కాఫీ ఇచ్చి, తర్వాత ఆయన్ని లేపుతుంది, మీ పర్యవేక్షణ వచ్చింది అని. ఆయన ఇంకో దొడ్డిదారి తీయించుకున్నారని అంటున్నారు, నేను చూడలేదు, చూడనిది చెప్పను. మిగతా సగం ఎలా గడుస్తుందో, ఆ తర్వాత ఆ గదికి తాళం పడుతుందో తెరుచుకుని ఉంటుందో నన్నడక్కండి. కథ ఇంకా పంచాయతీ ఆఫీసులోనే ఉంది. మనం ఇళ్ళకి పోదాం లేవండి, దోమలు లేస్తున్నాయి.